యూట్: పాత బండి, కొత్త ఇంజను

ఆస్ట్రేలియా ప్రజలు ‘యూట్’ అని ముద్దుగా పిలుచుకొను వాహన మొకటి కలదు. ముందుభాగము కారు, వెనుకభాగము సరకులు వేసుకొను తొట్టి. విక్టోరియా రాష్ట్రపు రైతు ఇల్లాలొకామె, ఆదివారము చర్చికి, సోమవారము పందులతో సంతకు పోవుటకు ఒకే బండి కావలెనని ఫోర్డు కంపెనీకి జాబు వ్రాసినదని ప్రతీతి. లూయిస్ బాండ్ట్ అను యువకుడు రూపకల్పన చేయగా, 1934లో గీలాంగ్ నగరమున ఆ బండి వెలువడినది. హోల్డెన్ సంస్థ తన యూట్‌ను 1951లో తెచ్చినది.

ఆ హోల్డెన్ బండి ఇంజను శక్తి 60 అశ్వశక్తులు. నేటి ఔత్సాహికులలో కొందరు దానిని తీసివేసి, 1999 నుండి కొన్నేండ్లు కమడోర్ కార్లకు అమర్చిన 5.7 లీటర్ల ఎల్.ఎస్.1 ఇంజనును బిగించుచున్నారు. దాని శక్తి సుమారు 300. ఇంజనొక్కటి మార్చిన చాలునా? ఇదియే మనము విచారింపవలసిన విషయము.

వేగము రెట్టింపైనచో గతిజశక్తి నాలుగు రెట్లగునని భౌతికశాస్త్ర విద్యార్థులెరుగుదురు. బండి నాపునపుడు ఆ శక్తిలో అత్యధికభాగము బ్రేకులలో వేడిగా మారును. పాత యూట్‌కు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. మూసిన డ్రమ్ములో వేడి చిక్కుకొని పట్టు సడలును. కనుక గాలి సోకెడి డిస్కు బ్రేకులు తప్పవు. పైగా ఈ బండికి లారీకివలె వేరు ఛాసిస్ లేదు, బాడీయే భారమును మోయును. కొత్త ఇంజను మెలితిప్పు బలమునకు అది వంగకుండ అడుగున ఉక్కు పట్టీలు అతుకవలెను. గేరుపెట్టెను, వెనుక ఇరుసును మార్చవలెను. పాత విద్యుత్తు 6 వోల్టులు, కొత్త ఇంజనుకు 12 కావలెను. ఇవన్నియు చేసినను, తొట్టి ఖాళీగా నున్నపుడు వెనుక చక్రములపై బరువు తక్కువ. తడి రోడ్డుపై పెడల్ గట్టిగా తొక్కినచో చక్రములు గిరగిర తిరుగును, బండి అడ్డముగా జారును. బరువు మోయుటకు పుట్టిన బండికి బరువు లేకపోవుటే ముప్పగుట విచిత్రము కదా!

ఇట్టి పెద్ద మార్పులు చేసిన బండి రోడ్డెక్కుటకు అర్హుడైన ఇంజనీరు పరీక్షించి ధ్రువపత్రమీయవలెనను నియమము అక్కడ కలదు. అది సమంజసమే.

ఫోర్డు 2016లోను, హోల్డెన్ 2017లోను ఆస్ట్రేలియాలో కార్ల తయారీ మానినవి. ఉన్న పాత బండ్లు తరుగుటేగాని పెరుగుట లేదు. కావున రేకును కోయుటకంటె బోల్టులతో బిగించు పద్ధతియే మేలని మా అభిప్రాయము. తీసిన 60 అశ్వశక్తుల ఇంజనును నూనె రాసి భద్రపరచినచో, కోరినపుడు దానిని మరల యథాస్థానమున నిలుపవచ్చును.