కొలనూలును స్వరమును
ధ్యానభాగములు: కీర్తన 19:1-4, రోమా 10:18, ఆమోసు 5:23, 8:5

పందొమ్మిదవ కీర్తనలో ఆకాశములను గూర్చి ‘కొలనూలు’ అను మాట చదువుచున్నాము. పౌలు అదే వచనమును రోమీయులకు వ్రాసినప్పుడు అచ్చట ‘స్వరము’ అని యున్నది. కొలతకును పాటకును సంబంధమేమి?

వీణెతీగెను సరిగా సగమునకు నొక్కి మీటినయెడల పైషడ్జము పలుకును. మూడింట రెండు వంతులు విడిచినయెడల పంచమము పలుకును. కొలత తప్పిన అపస్వరమే. గ్రహముల వేగములలో ఇట్టి స్వరముల కొలతలను వెదకుచు కెప్లరు పండితుడు వాటి దూరమునకును పరిభ్రమణ కాలమునకును గల నియమమును కనుగొని 1619లో ప్రకటించెను.

మనకు దగ్గరనున్న విశాఖపట్నములో గోడే వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతమున వేధశాల స్థాపించిరి. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటుట పరిశీలించిరి. ఆ దినమును పండితులు ముందే లెక్కకట్టిరి; శుక్రుడు తప్పలేదు.

ఆకాశమునకు నోరు లేదు. కొలత తప్పనందుననే దాని స్వరము వినబడుచున్నది. మనకు నోరున్నది. ఆదివారమున శ్రుతి తప్పక పాడి, సోమవారమున మన తుమ్మపాలలో బెల్లము తూచునప్పుడు గాని కూలి లెక్క కట్టునప్పుడు గాని కొలత తప్పినయెడల ఆ పాట యేమగును? దొంగత్రాసులను గద్దించిన ఆమోసే, అట్టివారి పాటలను దేవుడు వినడనియు చెప్పెను.

ఈ మాసము క్రొత్త పాట నేర్చుకొనుటకు ముందు మన కాటాలను సరిచూచుకొందము. అప్పుడు మనము నోరు తెరువకున్నను మన స్వరము ఊరంతట వినబడును.