కుందేటి మేత – కుందేటి కడుపు



మీలో కొందరి యిండ్ల తెల్ల కుందేళ్ళు పెరుగుచున్నవి. కొన్ని యేండ్లకు పూర్వము మా యింటను ఒక జత యుండెను. పిల్లలు ముద్దుతో వానికి అన్నము, బిస్కత్తులు, నానిన సెనగలు, అరటిపండు ముక్కలు పెట్టుచుండిరి. మేమును వారింపలేదు. ఒకనాటి సాయంకాలము వానిలో నొకటి మేత ముట్టక మూల నొదిగి కూర్చుండెను. "తెల్లవారుసరికి కుదురుకొనునులే" యని తలచి, ఇంటనున్న మాత్ర నొకదానిని చిదిపి నీటిలో కలిపి పట్టితిమి. మరునాడంతయు అది అట్లే యుండెను. మూడవనాటి యుదయమున చనిపోయెను. రెండవదానిని తీసికొని పశువైద్యుని యొద్దకు పోగా, ఆయన యడిగిన మొదటి ప్రశ్న "గడ్డి యెంత పెట్టుచున్నారు?" అనునది. తరగతిలో జంతువులనుగూర్చి పాఠము చెప్పు మాకు ఆ ప్రశ్నకు సమాధానము లేకపోయెను. అది ఆకలిచే చావలేదు. మా దయచే చచ్చినది. అట్టి తప్పు మీ యిండ్ల జరుగకుండుటకై యీ పాఠమును వ్రాయుచున్నాము.

1. ఏ కుందేలు?

మన చేలలో పరుగెత్తు చెవులపిల్లి వేరు, ఇంట పెంచు కుందేలు వేరు. మొదటిది మన దేశపు అడవి జంతువు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ నిచ్చుచున్నది గనుక దానిని పట్టి పెంచరాదు. రెండవది ఐరోపా ఖండమున బొరియలలో నివసించు కుందేటి సంతతి. గడ్డి మేసి బ్రదుకుటకే దాని దేహము నిర్మింపబడినది.

2. దంతములు

కుందేటికి 28 దంతములుండును. అవి జీవితాంతము పెరుగుచునే యుండును. ముందరి దంతములు వారమునకు సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగును. పీచుగల గడ్డిని గంటలకొలది నమలుటచేతనే అవి అరుగును. మెత్తని తిండి తిను కుందేటికి దంతములు వంకరగా పెరిగి నాలుకను, బుగ్గలను గాయపరచును. అప్పుడు మేత తినగోరియు అది తినలేదు.

3. కడుపు పనిచేయు విధము

మన ఒంగోలు గిత్త గడ్డిని మొదట పెద్దపొట్టలో పులియబెట్టి, నెమరువేసి, పిమ్మట జీర్ణించుకొనును. కుందేటిలో ఈ పులియు పని ప్రేగుల చివరిభాగమున జరుగును. చిన్నప్రేగు ముగిసినచోట అంధాంత్రము అను పెద్ద సంచి కలదు. అది పొట్టకంటె ఎన్నోరెట్లు పెద్దది. ముతక పీచు ఆ సంచిలో చేరక, గుండ్రని గట్టి పెంటికలై వెలుపలికి పోవును. సన్నని భాగము సంచిలో చేరి, అచటి సూక్ష్మజీవులచే పులిసి, మాంసకృత్తులు, విటమినులు గల మెత్తని పెంటికలుగా మారును. ఇవి చిన్న ద్రాక్షగుత్తివలె నంటుకొని మెరయుచుండును. కుందేలు వానిని నేరుగా నోట నందుకొని మ్రింగును. ఇది మురికి యలవాటు కాదు, దానిని మాన్పింపరాదు. 1882లో ఫ్రాన్సుదేశపు పశువైద్యుడు మోరో దీనిని వర్ణించెను. లేవీయకాండము 11వ అధ్యాయమున కుందేలు నెమరువేయు దానిగా చెప్పబడినది. ఆవువలె దానికి నాలుగు గదుల పొట్ట లేకున్నను, తిన్నదానిని రెండవమారు లోనికి గొను పని దీనియందును గలదు.

ఈ యంత్రమును నడపునది ముతక పీచే. పీచు తగ్గిన ప్రేగుల కదలిక మందగించును. లోని పదార్థము ఎండి గట్టిపడును. వాయువు చేరి నొప్పి పుట్టును. నొప్పిచే కుందేలు మేత మానును. మేత మానుటచే ప్రేగులు మరింత నిలిచిపోవును. కుందేలు వాంతి చేసికొనలేదు గనుక లోనికి పోయినది ముందుకే సాగవలెను. పొట్టలో వెండ్రుకలు చేరుటచే చచ్చినదని కొందరందురు. ఒడలు నాకుకొను జంతువు కావున వెండ్రుకలు ఎల్లప్పుడును కొంత యుండును. ప్రేగులు చక్కగా కదలుచుండిన అవి పోవును.

4. పెట్టవలసినది

మేతలో నూటికి 80 పాళ్ళకు తక్కువ కాకుండ గడ్డి యుండవలెను. గరిక మిక్కిలి మంచిది. పచ్చిగడ్డిని కోసి ఆరబెట్టి నిలువచేసిన ఎండుగడ్డి రేయింబగళ్ళు దానియెదుట నుండవలెను. వరిగడ్డిలో పీచు కలదు గాని సారము తక్కువ, దానినే నమ్ముకొనరాదు. దినమునకు గుప్పెడు కొత్తిమీర, పుదీన, ముల్లంగి ఆకు పెట్టవచ్చును. క్రొత్త ఆకును కొంచెము కొంచెముగా అలవాటు చేయవలెను. రెండు కిలోల కుందేలు దినమునకు 100 మొదలు 300 మిల్లీలీటర్ల వరకు నీరు త్రాగును. పిల్లలను ఆరు వారములైనను నిండకుండ తల్లినుండి వేరుచేయరాదు.

ఒక హెచ్చరిక. మనది ప్రత్తి, మిరప పండు సీమ. పురుగుమందు చల్లిన చేల గట్లపై గడ్డిని ఎన్నడును కోసి తేరాదు.

5. పెట్టకూడనివి

అన్నము, రొట్టె, బిస్కత్తులు, సెనగలు, మిఠాయిలు పెట్టరాదు. పిండిపదార్థము అంధాంత్రమున చేరిన చెడ్డ సూక్ష్మజీవులు పెరిగి విషము పుట్టించును. పిల్ల కుందేళ్ళకు ఇది మరింత అపాయము. కేరట్టు దుంప, పండ్లు తీపివస్తువులు. ఎప్పుడైన చిన్నముక్క చాలును. బొమ్మలలో కుందేలు కేరట్టు పట్టుకొని యుండును గదా యని, పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్లు వాదింపకుడు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప ఆకు, గన్నేరు, ఉమ్మెత్త దగ్గరకు రానీయరాదు.

మనుష్యుల మందులు ఈయరాదు. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ వంటివి నోట పట్టిన, అంధాంత్రములోని మేలుచేయు సూక్ష్మజీవులు నశించి కుందేలు చావవచ్చును. మేము ఆనాడు పట్టినది ఇట్టి మాత్రయే.

6. రోగమును గుర్తించుట

ఆరోగ్యముగల కుందేలు దినమునకు 200కు పైగా పెంటికలు వేయును. అవి చిన్నవైనను, తగ్గినను, నిలిచినను, కుందేలు ముడుచుకొని కూర్చున్నను, పండ్లు గట్టిగా కొరుకుచున్నను, పొట్ట ఉబ్బినను రోగమని యెరుగుడు. పన్నెండు గంటలు మేత ముట్టనిచో అది ప్రాణాపాయము. తెల్లవారు వరకు ఆగక వైద్యునియొద్దకు కొనిపోవలెను. పొట్ట బిగిసియున్నప్పుడు బలవంతముగా మేత పట్టరాదు. నీరెక్కించుట, నొప్పి తగ్గించుట వైద్యుని పని.

వేసవిలో మనచోట ఎండ 40 డిగ్రీలు దాటు దినములు కలవు. కుందేటికి 30 డిగ్రీలే కష్టము. ఎండదెబ్బయు ప్రేగులను నిలుపును. గూటిని రేకుల క్రింద నుంచక, గాలియాడు నీడలో నుంచి, తడిగుడ్డ కట్టి, చల్లని నీరు మాటిమాటికి మార్చవలెను.

మా రెండవ కుందేలు గరిక మేసి మరి నాలుగేండ్లు బ్రదికెను. కుందేలు నొప్పియని అరవదు. దాని మాట దాని గడ్డితొట్టిలోను, పెంటికలలోను వ్రాయబడియుండును. దానిని దినదినము చదువుటయే పెంచువారి ధర్మము.

అభ్యాసము

(1) మీ కుందేలు ఒక దినమున తిను గడ్డిని తూచి, పెంటికలను లెక్కించి, వారముపాటు పట్టిక వ్రాయుడు.

(2) ఆవునకును కుందేటికిని గడ్డి పులియు స్థానమున గల భేదమేమి?

(3) మీ యింటి చుట్టునున్న మొక్కలలో కుందేటికి పెట్టదగినవి యేవి, తగనివి యేవి?