హడూప్ బిల్డ్ మధ్యలో ఆగిపోతోందా?

ప్రశ్న: టెక్కలిలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. పలాసలో మా ఇంట్లో అపాచీ హడూప్ సోర్స్ బిల్డ్ చేస్తే మధ్యలో ఆగుతోంది. పూర్తయినా టెస్టులు ఫెయిలవుతున్నాయి. తప్పు నాదా, కోడ్‌దా?
– ఒక విద్యార్థి, పలాస

జవాబు: ముందు ఆ రెండు సమస్యలనూ విడదీయండి. ‘స్కిప్‌టెస్ట్స్’ ఆప్షన్‌తో బిల్డ్ చేయండి. ‘మేవెన్ డాట్ టెస్ట్ డాట్ స్కిప్’ వద్దు. అది టెస్ట్ కోడ్‌ని కంపైల్ కూడా చేయదు. హడూప్‌లో ఒక మాడ్యూల్ టెస్ట్ జార్ మరో మాడ్యూల్‌కి కావాలి, అది లేక బిల్డ్ ఆగిపోతుంది.

ఎర్రర్లలో మొదటిది చదవండి, చివరిది కాదు. జార్ ఫైల్ తెరుచుకోవడం లేదని ఉంటే, కరెంటో నెట్టో పోయి డౌన్‌లోడ్ సగంలో ఆగి ఉంటుంది. డాట్ ఎం2 రిపాజిటరీలో ఆ ఒక్క లైబ్రరీ ఫోల్డర్‌నే తీసేయండి. మొత్తం తుడిస్తే మీ డేటా ప్యాక్ ఖాళీ! జేడీకే వెర్షన్ సోర్స్‌లోని ‘బిల్డింగ్ డాట్ టీఎక్స్‌టీ’ అడిగినదేనా చూసుకోండి.

తర్వాత, ఫెయిలైన టెస్టును ఒంటరిగా నడపండి. పాసైతే పోర్టులు, మెమరీ, టైమౌట్లను అనుమానించండి. ఫెయిలైతే టార్గెట్ ఫోల్డర్‌లోని ష్యూర్‌ఫైర్ రిపోర్టు తెరవండి. అందులో టెస్టు ఆశించిన సమయానికీ, వచ్చిన సమయానికీ తేడా సరిగ్గా ఐదున్నర గంటలుంటే టైమ్‌జోన్‌ని యూటీసీకి మార్చి చూడండి.

మీరు ముట్టుకోని ట్రంక్ బ్రాంచ్‌లోనూ అదే టెస్టు ఫెయిలైతే, కోడ్‌లో మీరేమైనా మార్చి ఉన్నా అది కారణం కాదు. ఆ టెస్టు పేరుతో అపాచీ జిరాలో వెతకండి.