బంకు పక్క బోరు నీళ్ళు, మట్టి: పరీక్షకు ఎలా తీయాలి

ఈసారి చాకీ గురించి రాస్తామన్నాం, అది వచ్చే నెలకు పెట్టుకుందాం. పెట్రోలు బంకు పక్కన తోట, బోరు ఉన్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, అందుకే ఈ సంగతి ముందు.

మాది రోడ్డు పక్క తోట, గోడకు అవతల బంకు. రెండు పంటల కింద నాలుగో జ్వరం లేచాక పురుగులు ఆకు ముట్టలేదు. తలలు ఊపుతా పచ్చగా కక్కినాయి. చూస్తే పాలరోగం కాదు, సున్నపుకట్టు కాదు. పక్క చేలో మందు కొట్టారేమో అని అడిగితే ఎవరూ కొట్టలేదు. ఎండాకాలం కదా, షెడ్డు చుట్టూ గోనెపట్టాలు కట్టి బోరు నీళ్ళతో తడిపేవాళ్ళం. ఆ పట్టాల దగ్గర ఏదో వాసన వస్తోందని మా ఇంట్లో ఆడవాళ్ళు అంతకుముందే అన్నారు, మేమే వినలేదు. 150 గుడ్ల పంట గుంటలో పోసి సున్నం చల్లాం.

తర్వాత చేసిన తప్పు ఇంకొకటి. కూల్‌డ్రింకు ప్లాస్టిక్ బాటిల్లో నీళ్ళు పట్టి, బండి బాక్సులో పెట్టుకొని ఎండలో వేలూరు పోయి ల్యాబులో ఇచ్చాం. టీడీఎస్, ఉప్పు, గట్టిదనం చూసి బాగానే ఉందని కాగితం ఇచ్చారు. మన పాలారు పక్క తోలు షాపుల వల్ల అందరికీ ఉప్పు, క్రోమియం భయమే. నీళ్ళ పరీక్ష అంటే అవే చూస్తారు. పెట్రోలు సంగతి మనం అడిగి రాయిస్తేనే చూస్తారు. రాయించినా ఆ బాటిల్‌తో ఏమీ తేలేది కాదు. పెట్రోల్లో ఉండే బెంజీన్, టాల్యూయిన్ లాంటివి గాల్లోకి ఎగిరిపోయే రకం, సగం ఖాళీ బాటిల్ ఎండలో ఉంటే దారిలోనే పోతాయి.

సరైన పద్ధతి ఇది. ఎన్.ఏ.బి.ఎల్. గుర్తింపు ఉన్న ల్యాబుకు ముందే ఫోన్ చేసి, బెంజీన్, టాల్యూయిన్, ఇథైల్ బెంజీన్, జైలీన్, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు కావాలని చెప్పాలి. వాళ్ళే 40 మి.లీ. చిన్న గాజు సీసాలు ఇస్తారు. లోపల కొంచెం ఆసిడ్ ఉంటుంది, కడగకూడదు. బోరు 15, 20 నిమిషాలు ఆడించి, నీళ్ళు సన్నగా పారనిచ్చి, సీసా గోడ వెంట అంచు దాకా నింపి మూత బిగించాలి. తలకిందులు చేసి తట్టి చూడండి. బుడగ కనబడితే ఆ సీసా పక్కన పెట్టి ఇంకొకటి పట్టండి. వెంటనే ఐసు పెట్టెలో పెట్టాలి.

పెట్రోలు బండి బాక్సులో మాత్రం తీసుకుపోవద్దు. మాకు ల్యాబు పిల్లవాడు ఇంకో ఉపాయం చెప్పాడు: శుద్ధమైన నీళ్ళున్న సీసా ఒకటి వాళ్ళే ఇస్తారు, దాన్ని మూత తీయకుండా మన సీసాలతో పాటే తిప్పి తిరిగి ఇవ్వాలి. అందులో పెట్రోలు కనబడితే అది దారిలో అంటుకున్నదే.

ఒక్క బోరు చాలదు. బంకుకు ఎగువన, మాకైతే కౌండిన్య నదికి దూరంగా ఉన్న బోరు, ఒకటి తీయాలి. అది బాగుండి కిందిది చెడితే మాట గట్టిగా చెప్పవచ్చు. పెట్రోలు నీళ్ళకంటే తేలిక, పైన తెట్టెలా తేలుతుంది, లోతులో ఉన్న మోటారు దాన్ని లాగకపోవచ్చు. అందుకే బావి ఉంటే పైనీళ్ళు వేరే సీసాలో పట్టాలి. బావిలోకి దిగవద్దు, అక్కడ బీడీ అంటించవద్దు.

మట్టి దగ్గర మనవాళ్ళంతా తడబడతారు. ఎరువుల పరీక్షకు పది చోట్ల తవ్వి, గోనె మీద కలిపి, నీడన ఆరబెట్టి అరకిలో ఇస్తాం కదా. ఇక్కడ కలిపినా, ఆరబెట్టినా పెట్రోలు ఎగిరిపోతుంది. ఆగర్‌తో దించి, లోతు లోతుకు విడిగా, గాజు సీసాలో కుక్కి నింపాలి. పెట్రోలు పైమట్టిలో నిలవదు, దిగి నీటిమట్టానికి కాస్త పైన ఆగుతుంది. లోతు మట్టే అసలు సాక్షి. బంకు ఆవరణలో మాత్రం మనం తవ్వకూడదు, కింద పైపులు ఉంటాయి. ముక్కు పెట్టి వాసన చూసే అలవాటు కూడా మానండి, బెంజీన్ క్యాన్సర్ తెచ్చే పదార్థం.

రెండోసారి రిపోర్టు వచ్చింది. గోడ పక్క బోరులో మినరల్ ఆయిల్ లీటరుకు 0.5 మి.గ్రా. దాటింది. తాగేనీటికి ఐ.ఎస్. 10500 హద్దు అదే. బెంజీన్ కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 0.01 మి.గ్రా. దాటింది. ఎగువ బోరులో ఏమీ లేదు. ఇంకొకటి కూడా చెప్పాలి, సిగ్గుగానే ఉంది: మా పాత ఆయిల్ ఇంజన్ షెడ్డు దగ్గర రెండడుగుల దాకా డీజిల్ రకం తేలింది. అది మేం పోసిందే. గోడ పక్క లోతు మట్టిలో ఉన్నది మాత్రం పెట్రోలు రకం. ల్యాబు రెండింటినీ విడదీసి చూపగలదు, కాబట్టి ఆ ముక్క అడిగి రాయించుకోండి.

ఇలాంటిది మనకొక్కరికే కాదు. 2013లో చెన్నై తొండియార్‌పేటలో నేల కింద పైపులైను లీకై ఇళ్ళ బోరు నీళ్ళలో ఆయిల్ వచ్చింది. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు మన వేలూరు తోలు షాపుల కేసులోనే చెప్పింది, చెరిపినవాడే బాగు చేసే ఖర్చు భరించాలని. బంకుల దూరానికి కూడా 2020 నుంచి కేంద్ర కాలుష్య మండలి నిబంధన ఉంది: కొత్త బంకు ఇళ్ళకు, బడికి, ఆసుపత్రికి 50 మీటర్లు ఉండాలి, తప్పనిసరైతే అదనపు భద్రతతో 30కి తగ్గకూడదు.

రిపోర్టు నకళ్ళతో కాలుష్య మండలి జిల్లా ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం. ట్యాంకులకు లీకు పరీక్ష చేయించమని అందులో అడిగాం. బంకాయన మొదట మా మీద కోప్పడ్డాడు. మా ఇంజన్ షెడ్డు రిపోర్టు కూడా చూపించాక కూర్చొని మాట్లాడాడు. పరీక్షకు తేదీ ఇంకా రాలేదు.

ప్రస్తుతం గోడ పక్క రెండు వరసల ఆకు కోయడం లేదు. గోనెపట్టాలకు, షెడ్డు కడగడానికి ఎగువ బోరు నీళ్ళే. ఐప్పసి వానలు ఆగి నీటిమట్టం లేచాక మళ్ళీ పరీక్ష చేయిస్తాం, అప్పుడు తెట్టె కూడా పైకి లేస్తుంది. బంకు పక్క తోటలవాళ్ళు ఎవరైనా కలిస్తే ఐసు పెట్టె, ఆటో ఖర్చు పంచుకోవచ్చు. సీసాలు ముందే చెప్పి తెప్పించాలి, అందుకని పేరు ఈ నెలాఖరులోగా గ్రూపులో పెట్టండి.