పెప్, స్మార్ట్, జోష్: హుషారు మాటల పుట్టుక

వార్షికోత్సవ సంచికకు ఇంగ్లీషు మీద ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు. టెన్సులు, వాయిస్‌లు మీకు క్లాసులో సార్లు చెబుతూనే ఉన్నారు. అందుకే వాటిని వదిలి, టెక్స్టు బుక్కుల్లో పాఠంగా రాని కొన్ని మాటల గురించి రాస్తున్నాం. మనిషిలోని హుషారును, ఆకర్షణను చెప్పడానికి ఇంగ్లీషువాళ్లు ముచ్చట్లలో వాడే చిన్న చిన్న పదాలివి.

వీటితో పనేమిటంటారా? చాలా చోట్ల మనల్ని తూచేది వీటితోనే. పేపర్లో ఉద్యోగ ప్రకటన చూస్తే ‘స్మార్ట్ అండ్ డైనమిక్ అభ్యర్థులు కావలెను’ అని ఉంటుంది. మాతో పాటు పీజీ చదివిన ఒక మిత్రుణ్ని ఓ ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలో ‘సబ్జెక్టు ఉంది కానీ పెప్ లేదు’ అని పంపించేశారు. బయటికి రాగానే మమ్మల్ని అడిగిన మొదటి మాట ‘పెప్ అంటే ఏందిరా?’ అని. తనలో ఏది లేదన్నారో కూడా తెలియకుండా ఒక మనిషి ఇంటికి పోవడం ఎంత అన్యాయం! మా ఇంట్లో మాకు ముందు డిగ్రీ చదివినవాళ్లు ఎవరూ లేరు, అడిగి తెలుసుకుందామంటే. మీలో చాలామందిది కూడా అదే పరిస్థితి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

ముందుగా ఆ పెప్ సంగతే చూద్దాం. పెప్ అంటే ఉత్సాహం, చలాకీతనం. ‘షీ ఈజ్ ఫుల్ ఆఫ్ పెప్’ అంటే ఆ అమ్మాయి మంచి హుషారు మీద ఉందని. ఆటకు ముందు పీఈటీ సారు మనల్ని నిలబెట్టి చెప్పే నాలుగు మాటలే ‘పెప్ టాక్’. ఇది పెప్పర్ అనే మాటను కురచ చేస్తే వచ్చింది. పెప్పర్ అంటే మిరియాలు. మరి పెప్పర్ ఎక్కడి నుంచి వచ్చింది? ఇంగ్లీషుకు లాటిన్ నుంచి, లాటిన్‌కు గ్రీకు నుంచి, గ్రీకువాళ్లకు మన దేశం నుంచి. మూలం ‘పిప్పలి’. దగ్గు పడితే ముసలమ్మలు కషాయంలో వేసే పిప్పళ్లే అవి. సరుకుతో పాటు పేరు కూడా ఓడెక్కి పోయింది. వేల ఏండ్లు తిరిగి తిరిగి చివరికి ఇంటర్వ్యూ గదిలో మా మిత్రుడి ముందుకు వచ్చింది.

ఇట్లా వంటింట్లో పుట్టిన మాటలు ఇంకా ఉన్నాయి. జెస్ట్ అంటే జీవితం మీద ఇష్టం, ఉత్సాహం. అసలు అర్థం రుచి కోసం వేసే నిమ్మ, నారింజ తొక్క. అది ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. మనమేమీ తక్కువ తినలేదు. మన హాస్టళ్లలో ఎంతమంది లావణ్యలు ఉంటారో లెక్క లేదు. లావణ్యం అనే మాట లవణం నుంచి వచ్చింది, లవణమంటే ఉప్పు. ముఖంలో కళ లేకపోతే ఉప్పు లేని కూరేనని మన పెద్దలకు తోచింది కాబోలు.

ఇక స్మార్ట్. మనవాళ్లు దీన్ని తెల్లగా, అందంగా ఉన్నవాళ్లకే వాడతారు. అది సరి కాదు. మనిషి చురుకుగా, తెలివిగా ఉండడం, శుభ్రంగా తయారై ఉండడం స్మార్ట్. ఒంటి రంగుతో దానికి సంబంధమే లేదు. దీని మొదటి అర్థం వింటే ఆశ్చర్యపోతారు. పాత ఇంగ్లీషులో స్మార్ట్ అంటే మంట, నొప్పి. ఇప్పటికీ కళ్లు మండితే ‘మై ఐస్ ఆర్ స్మార్టింగ్’ అంటారు. మంట పుట్టించేది, అక్కడి నుంచి వాడిగా ఉండేది, వేగంగా కదిలేది, తెలివైనది, చివరికి నీటుగా ఉండేది, ఇట్లా అర్థం మెల్లమెల్లగా మారింది. మన ‘చురుకు’ కూడా సరిగ్గా ఈ బాటలోనే నడిచింది. నిప్పు తగిలితే చురుక్కుమంటుంది. ఆ చురుకే చురుకైన పిల్లవాడిలోకి వచ్చింది. రెండు భాషలూ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకోలేదు, అయినా ఒకే తీరు ఆలోచన. రేగొండ చుట్టుపక్కల మిరప తోటల్లో కూలికి పోయి కాయ ఏరిన మన అమ్మల చేతులు రాత్రంతా మండుతాయి. ఆ మంటకు ఇంగ్లీషులో సరైన క్రియ స్మార్ట్. ప్రకటనలు వేసేవాళ్లకు ఈ అర్థం గుర్తుండదు.

మనం రోజూ వాడే జోష్, దమ్, హుషార్ మూడూ పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చాయి. జోష్ అంటే మరగడం, ఉడుకు. దమ్ అంటే ఊపిరి. దమ్మున్నోడిలో ఉన్నదీ, దమ్ బిర్యానీలో ఉన్నదీ ఒకే దమ్. హుషార్‌లోని హోష్ అంటే స్పృహ, తెలివి. అందుకే మన దిక్కు హుషార్ పిల్లగాడంటే తెలివైనవాడని కూడా అర్థం. ‘స్మార్ట్’కు ఇంతకంటే దగ్గరి మాట మాకు దొరకలేదు.

మోజో అనే మాట క్రికెట్ కామెంటరీలో వింటుంటారు. బ్యాట్స్‌మన్ ఫామ్ పోతే ‘లాస్ట్ హిజ్ మోజో’ అంటారు. అమెరికాలోని నల్లజాతి ప్రజలు మంచి జరగాలని వేర్లు, మూలికలు కట్టి దగ్గర ఉంచుకునే చిన్న గుడ్డ సంచి మోజో. మన తాయెత్తు అన్నమాట. మన ‘మోజు’కు దీనితో చుట్టరికం లేదు, పొరపడకండి.

విమ్ అంటే బలం, లాటిన్ మాట. గిన్నెల సబ్బు పేరు పలికినట్లే పలకాలి. పిజాజ్ అంటే పైకి మెరిసే జోరు. మన వరంగల్ చపాటా మిర్చి లాంటిది, రంగు ఎక్కువ, కారం తక్కువ. అట్లని చులకన చేయకండి, చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది! ఊమ్ఫ్ మాత్రం జాగ్రత్తగా వాడాలి. 1939లో ఆన్ షెరిడాన్ అనే హాలీవుడ్ నటికి ‘ఊమ్ఫ్ గర్ల్’ అని పేరు పెట్టి ప్రచారం చేశారు. ఆ మాటకు ఒంటి ఆకర్షణ అనే అర్థం ఉంది. మేడమ్‌ల గురించి, తోటి ఆడపిల్లల గురించి ఆ మాట అనకూడదు.

రిజ్ మీ ఫోన్లలో తిరుగుతున్నదే. ఎదుటివాళ్లను మాటలతో ఆకట్టుకునే నేర్పు అది. 2023లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దాన్ని ఆ ఏటి మాటగా ఎంపిక చేసింది. కరిజ్మా అనే మాటకు తల, తోక తీసేస్తే మిగిలిన నడుమ ముక్కే రిజ్ అని చెబుతారు. కరిజ్మా గ్రీకులో దేవుడిచ్చిన వరం. పీజీలో సోషియాలజీ తీసుకునేవాళ్లు దీన్ని మాక్స్ వెబర్ దగ్గర మళ్లీ చదువుతారు.

ఇవన్నీ ముచ్చటకు, స్నేహితులకు రాసే మెసేజ్‌కు పనికొస్తాయి. ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ హావ్ పెప్ అండ్ రిజ్’ అని రాస్తే నవ్వుతారు. అక్కడ ఎనర్జెటిక్, ఎంథూజియాస్టిక్, హార్డ్ వర్కింగ్ అని రాయాలి. రాసి ఊరుకోకుండా ఒక రుజువు చూపాలి. హాస్టల్ ఫుడ్ కమిటీలో చేశారా, కబడ్డీలో మండల స్థాయికి ఆడారా, సెలవుల్లో పత్తి ఏరి ఫీజు కట్టుకున్నారా, అది ఒక వాక్యంలో రాయండి. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అన్నప్పుడు కూడా అదే చెప్పండి. తొందర లేకుండా, ముందున్నవాళ్ల కళ్లలోకి చూసి చెప్పండి.

మీకొక చిన్న పని. లైవ్లీ, బ్రిస్క్, స్పిరిటెడ్ మాటలను డిక్షనరీలో చూసి, ఒక్కో మాటతో మీ పక్క బెడ్డు మిత్రుడి మీద ఒక్కో వాక్యం రాయండి. రాసింది ముందుగా ఆ మిత్రుడికే చూపించండి.