దమ్ము అనంతరం ట్రాక్టరు ముందు చక్రాల హబ్ బేరింగుల మార్పిడి

వరి దమ్ము ముగిసిన టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరులో తరచు నిర్లక్ష్యానికి గురయ్యేది ముందు చక్రపు హబ్. అరిగిన సీలు గుండా బురదనీరు చేరి గ్రీజు పాలవలె తెల్లబడుతుంది, రోలర్లు తుప్పు పడతాయి. ఈ స్థితిలో లోడు ట్రాలీతో రోడ్డెక్కితే బేరింగు బిగుసుకుపోయి చక్రమే ఊడిపోవచ్చు.

వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి దిమ్మెలపై నిలపాలి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపినపుడు హబ్ మాత్రమే కదిలితే లోపం బేరింగులో, దానితో పాటు ఇరుసు మొన కూడా కదిలితే కింగ్‌పిన్నులో ఉన్నట్లు.

రోలర్లు మార్చి పాత కప్పును హబ్‌లోనే వదిలివేయడం మెకానిక్కులలో సైతం కనిపించే దురలవాటు. గాట్లు పడిన కప్పు కొత్త రోలర్లను కొద్దికాలంలోనే పాడుచేస్తుంది. కప్పును ఇత్తడి కడ్డీతో చుట్టూ మార్చి మార్చి కొట్టి తీయాలి. కొత్త కప్పు అడుగుకు ఆనగానే సుత్తి శబ్దం మారుతుంది. గ్రీజును రోలర్ల వెడల్పు వైపు నుండి అరచేతితో నొక్కి ఎక్కించాలి, పైపూత చాలదు. సీలు, స్ప్లిట్ పిన్ను కొత్తవే వాడాలి.

చక్రాన్ని తిప్పుతూ నట్టును పట్టు తగిలేవరకు బిగించి, పిన్ను గాడి కుదిరేంత వెనక్కు వదలాలి. చక్రం తేలికగా తిరగాలి, ఊగరాదు. కొంతసేపు నడిపిన పిదప హబ్ చేయి ఆనించలేనంత వేడెక్కితే బిగింపును మరల సరిచూడాలి.