ఇంటికి జనరేటరు నెన్నుకొను విధము

వేసవి గాలివానలకు కొమ్మలు విరిగి తీగలపై బడుటయు, గ్రామము రాత్రియంతయు చీకటిలో నుండుటయు మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతులకు క్రొత్త గాదు. అట్టి రాత్రి గడచిన మఱునాడే కొందఱు పట్టణమునకు బోయి, దుకాణదారు చూపిన జనరేటరును కొని తెచ్చుచున్నారు. ఏ పనికెంత శక్తి వలయునో లెక్కింపక కొనిన యంత్రము మూలబడియుండుట మేము పలుచోట్ల చూచుచున్నాము. ఆ లెక్క కష్టమైనది కాదు.

పుంగనూరు దాపున నాలుగు పాడియావులు గల యిల్లొకటి యనుకొందము. 10 వాట్ల దీపములు అయిదు, 75 వాట్ల పంకాలు మూడు, టెలివిజను 100, ఫ్రిజ్జు 150. మొత్తము 525 వాట్లు. పాలు పిండు యంత్రమునకు 1 అశ్వశక్తి మోటారు గలదు. అశ్వశక్తి యనగా 746 వాట్లే యైనను, మోటారులో కొంత వృథాయగును గనుక అది సుమారు 1,000 వాట్లు తీసికొనును. అంతయు గూడి 1,525. కె.వి.ఏ. లెక్కను 0.8 చే గుణించినచో 2 కె.వి.ఏ. జనరేటరు 1,600 వాట్లిచ్చును గనుక, చాలునని తోచును. కాని చాలదు. నిలిచిన మోటారు తిరుగ నారంభించునపుడు క్షణకాలము మూడింతలు, ఒక్కొకప్పు డంతకు మించియు కోరును. నిండుబండిని కదలించుట కెద్దులు పడు శ్రమ కదలిన పిమ్మట నుండదు గదా! కావున నా యింటికి 4 కె.వి.ఏ. వలయును. అప్పుడును మొదట మోటారును నడిపి, తరువాత తక్కినవానిని ఒక్కొక్కటిగా వేయవలయును. రూకలు చెల్లింపకముందే తమ మోటారును దానితో నడిపి చూపుమని దుకాణదారు నడుగుట మేలు.

దీపములు, పంకాలు మాత్రమే చాలునను వారికి మేము జనరేటరును చెప్పము. 150 ఆంపియరు గంటల బ్యాటరీ గల ఇన్వర్టరు పై యింటి దీపములను, పంకాలను సుమారు నాలుగు గంటలు నడపును. చిన్న పెట్రోలు యంత్రము లీటరునకు రమారమి 2 యూనిట్లే యిచ్చును. లీటరు నూఱు రూపాయలు దాటినపుడు యూనిట్టెంత పడునో చూచుకొనుడు. ఇక మదనపల్లె టమోటా తోటలలోని 5 అశ్వశక్తుల బోరు మోటారు చేతితో లాగుకొనిపోవు జనరేటరునకు లొంగునది కాదు.

యంత్రమును ఇంటిలోగాని, వసారాలోగాని, పశువుల కొట్టములోగాని నడపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగులేదు, వాసనలేదు; నిద్రించువారు మేలుకొనకయే మరణింతురు. కిటికీ తెఱచినంత మాత్రమున చాలదు. ఇంటికి 20 అడుగుల యెడమున, గాలి యింటివైపు వీచని చోట నుంచవలయును. కుప్పము ప్రాంతపు పట్టురైతులు పురుగులయింటికిని ఈ దూరమునే పాటింపవలయును.

మఱియొక యపాయము కంటికి గానరాదు. కొందఱు జనరేటరు తీగను గోడలోని ప్లగ్గునకు దగిలించి యింటికంతకు విద్యుత్తు నిచ్చుచున్నారు. ఆ విద్యుత్తు వీథి తీగలలోనికి బోయి, ట్రాన్స్‌ఫార్మరులో వెనుకకు నడచి, 11,000 వోల్టులై లైనుమీదికి వచ్చును. సరఫరా లేదని నమ్మి స్తంభమెక్కినవాడు చచ్చును. కుప్పమున గ్రామీణ విద్యుత్ సహకార సంఘమే పంపిణీ నడపిన యేండ్లు గలవు. స్తంభమెక్కువాడు మన సభ్యుని కుమారుడే కావచ్చును. లైనును, జనరేటరును ఏకకాలమున కలియనీయని చేంజోవరు స్విచ్చును అనుజ్ఞ గల పనివానిచే ముందు బిగింపించి, ఆ పిమ్మటనే యంత్రమును ఇంటికి దెచ్చుకొనవలయును.